జేబులో ఉండిపోయిన పుట్టినరోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగినన్ని పుట్టినరోజులు ఆ వీధిలో ఇంకే ఇంట్లోనూ జరిగి ఉండవు. అందులో మా కుటుంబానివి మూడే. మిగతావన్నీ మేమెవరమూ కళ్ళతో చూడని అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళవి. అవి కూడా అమ్మకీ నాన్నకీ తెలియకుండా, నేనూ మా తాతయ్యా కలిసి చేసినవి. ఈ ముక్క చెబితే ఇప్పుడు మా పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతారు. నేనూ వాళ్ళతో పాటు కాసేపు నవ్వి, ఏదో పనున్నట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆ పుట్టినరోజుల్లో ఒకటి తల్చుకుంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

మాది సిడ్నీకి పడమటి వైపున్న టూంగాబీ. తొంభైయ్యో సంవత్సరం, అటూ ఇటూగా. రైలు పట్టాలకి దగ్గర్లో పల్చటి గోడల చిన్న అద్దె ఇల్లు. అమ్మ ఆసుపత్రిలో ముసలివాళ్ళ వార్డులో నర్సు. నాన్న రైల్వే స్టేషన్‌లో టిక్కెట్ల కిటికీ దగ్గర పనిచేసేవాడు. అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, బాపట్ల దగ్గర మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మమ్మ పోయాక అమ్మ ఆయన్ని పట్టుబట్టి ఇక్కడికి తీసుకొచ్చేసింది.

ఆ రోజుల్లోనే ఈ దేశంలో జీతాలిచ్చి బేస్‌బాల్ ఆడించడం కొత్తగా మొదలుపెట్టారు. వేసవికి అమెరికా నుంచి కుర్ర ఆటగాళ్ళని రప్పించి, హోటల్ ఖర్చు దండగని ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లోనే సర్దేవారు. అలా మా పక్కింటి తెల్లావిడ దగ్గర ఆరడుగులు దాటిన ఒక కుర్రాడు దిగాడు. తాతయ్యకి కొత్తమనిషి కనబడితే అడిగే మొదటి ప్రశ్న ఒకటే, నీ పుట్టినరోజు ఎప్పుడు అని. కంచె మీద నుంచి ఆ కుర్రాణ్ణీ అదే అడిగారు. ఆ రోజు రాగానే గిన్నెడు సేమ్యా పాయసం కాచి కంచె మీదుగానే అందించారు. ఆ కుర్రాడు కంచె దగ్గరే నిలబడి గిన్నె ఖాళీ చేశాడు. వేసవి అయ్యాక ఇంటికి వెళ్ళిపోతూ, పెట్టెలో బరువెక్కువైందని చెప్పి, ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఆటగాళ్ళ కార్డులు నా చేతిలో పెట్టిపోయాడు.

అరచేతిలో పట్టే అట్టముక్కలవి. ముందువైపు ఆటగాడి రంగుల బొమ్మ. వెనకవైపు అతని ఎత్తు, బరువు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, వాటి కింద ఆటలో సాధించిన అంకెలు చీమల బారులా. కొన్ని కార్డులు అప్పుడు ఆడుతున్న వాళ్ళవి, కొన్ని ఎప్పుడో ఆడి వెళ్ళిపోయిన పాత తరం వాళ్ళవి. నాకు అంకెలు కావాలి, తాతయ్యకి పుట్టిన తేదీ కావాలి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కార్డు కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆ తేదీని మళ్ళీ మళ్ళీ చదువుకునేవారు.

దానికో కారణం ఉంది. ఆయన హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, పిల్లాణ్ణి బడిలో వేయడానికొచ్చిన తల్లిని పుట్టిన తేదీ అడిగితే, తుఫానొచ్చిన ఏడు నాట్లప్పుడు పుట్టాడని చెప్పేదట. రిజిస్టరులో తేదీ లేకపోతే కుదరదు. అందుకని బడి తెరిచే రోజులకి వయసు సరిపోయేలా ఆయనే ఏదో ఒక తేదీ వేసేవారు. అలా సగం ఊరికి జూన్, జూలై నెలల్లో పుట్టినరోజులు పంచిపెట్టారు. ఆయన చిన్నప్పుడు కూడా ఎవరో హెడ్మాస్టరు ఆయనకలాగే ఒకటి ఇచ్చారు. పాస్‌పోర్టులో ఉన్నది అదే. అందుకే తన పుట్టినరోజు మాత్రం మమ్మల్ని చేయనిచ్చేవారు కాదు. అది తనది కాదనీ, బడిదనీ అనేవారు. ఇంక ఈ కార్డుల మీద తేదీలు చూస్తే ఆయనకి మురిపెం.

"ఇదుగో చూడు తల్లీ, ఈ తారీకు వీళ్ళమ్మ గుర్తుపెట్టుకుని చెప్పింది. నాబోటి హెడ్మాస్టరు రాసింది కాదు," అనేవారు.

పొద్దున్నే ఆయన టీ కాచుకునే వేళకి నేను డబ్బా పట్టుకుని వంటింటి బల్ల దగ్గర చేరేదాన్ని. ఆ రోజు ఎవరిదైనా పుట్టినరోజుంటే కార్డు బల్ల మీద పెట్టి, ఒక ఆరోరూట్ బిస్కెట్టు రెండుగా విరిచి చెరో ముక్క తినేవాళ్ళం. కార్డుని నిలబెట్టనిచ్చేవారు కాదు, పడుకోబెట్టాలి. మేం క్రైస్తవులం, నిలబెడితే బొమ్మకి పూజ చేసినట్టుంటుందట. అమ్మకి చెప్పకపోవడానికి కూడా కారణం అదే. బొమ్మలు ముందర పెట్టుకుని ప్రార్థనేంటని అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆటగాడు బతికున్నవాడైతే మోకాళ్ళు బాగుండాలనీ, ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి కాబట్టి క్షేమంగా ఇల్లు చేరాలనీ ప్రార్థన చేసేవారు. పోయినవాడైతే ప్రార్థన ఉండదు, అలాంటి మనిషిని లోకానికిచ్చినందుకు దేవుడికి స్తోత్రం మాత్రమే. ఇంగ్లీషు బాగానే చదువుతారు గానీ ఆ పేర్లకి ఆయన నోరు తిరిగేది కాదు. అందుకని అందరికీ తనే పేర్లు పెట్టేశారు. ఒకాయన మీసాలాయన, ఒకాయన కళ్ళద్దాల పెద్దమనిషి, ఒకడు ఎడమచేతి అబ్బాయి.

ఎడమచేతి అబ్బాయి నా మనిషి. నాదీ ఎడమచేతి వాటమే. ఆ చేత్తో అన్నం కలిపితే అమ్మ గరిటెతో చేతి మీద ఒక్కటిచ్చేది. ఒకరోజు అలాగే దెబ్బ తిని మూల కూర్చుంటే, తాతయ్య డబ్బాలో వెతికి ఆ కార్డు తీసి నా ఎడమ చేతిలోనే పెట్టారు. ఈ అబ్బాయి ఆ చేత్తోనే బంతి విసిరి ఇల్లు నడుపుతున్నాడని చెప్పారు. అప్పటి నుంచి ఆ కార్డు నా దిండు కింద ఉండేది. ఆ తేదీ ఎప్పుడొస్తుందా అని నెలల ముందు నుంచీ ఎదురుచూశాను.

ఇక ఆదివారాల సంగతి. తెల్లవాళ్ళ ఆరాధన అయిపోయాక వాళ్ళ చర్చి వెనకాల హాలు మధ్యాహ్నం మాకు ఇచ్చేవారు. గుంటూరు, ప్రకాశం, గోదావరి వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళం, సొంతూళ్ళో ఎవరిది ఏ చర్చి సంఘమైనా, అక్కడ ఒక్కటిగా కూడేవాళ్ళం. ప్రసంగం అయ్యాక, చివరి ఆశీర్వాదానికి ముందు, ఆ వారంలో పుట్టినరోజున్నవాళ్ళు లేచి ముందుకెళ్ళి నిలబడాలి. మనిషి ఇక్కడ లేకపోతే వాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు నిలబడచ్చు. ఒంగోలులో ఉన్న తల్లి కోసం కొడుకు నిలబడేవాడు, దుబాయ్‌లో ఉన్న తమ్ముడి కోసం అక్క నిలబడేది. అందరూ పాట పాడతారు. ఒక పెద్దాయన వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత చాక్లెట్లు.

ఆ చెయ్యి పెట్టే పని మా తాతయ్యది. ఈ దేశంలో ఆయనకున్న పని అదొక్కటే. కారు నడపలేరు. దుకాణంలో వీళ్ళ యాస అందదు. మనవరాలు తెలుగులో అడిగిన దానికి ఇంగ్లీషులో తప్ప జవాబివ్వదు. వారానికొకసారి ఆ కాసేపు మాత్రం ఆయన మళ్ళీ మేష్టారయ్యేవారు. శనివారం సాయంత్రమే తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని తలుపుకి తగిలించుకునేవారు. ఎవరింట్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో అందరివీ ఆయనకి నోటికి వచ్చు. మీరు మర్చిపోయినా ఆయన మర్చిపోరు.

నా లోకం మాత్రం మూడో వరసలో ఉండేది. అక్కడ డాక్టరంకుల్ వాళ్ళమ్మాయి కూర్చునేది. కూడికని నడిపించేది ఆ డాక్టరంకులే. వాళ్ళమ్మాయి నాకంటే ఒక ఏడాది పెద్ద. వాళ్ళింట్లో ఈత కొలను ఉంది. దాని జుట్టు, దాని బూట్లు, అది ఇంగ్లీషు పలికే తీరు, అన్నీ నాకు కావాలి. దాని పక్క కుర్చీ దొరికితే ఆ ఆదివారం పండగే. ఎండలు ముదిరాక ఈతకి రమ్మని అది నన్ను ఒక్కదాన్నే పిలిచింది. ఆ మాట నేను నేల మీద నడుస్తూ విన్నట్టు గుర్తులేదు.

వేసవికి ముందు, జకరండా చెట్లు పూసి ఊదారంగుకి తిరుగుతున్న రోజులు. ఎడమచేతి అబ్బాయి పుట్టినరోజు ఆదివారం నాడే పడింది. పొద్దున అమ్మ నైట్ డ్యూటీ నుంచి వచ్చి వంటింట్లోనే ఉండడంతో బిస్కెట్టు విరవడం కుదరలేదు. తాతయ్య నాకు కన్నుగీటి, కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. సాయంత్రం వీలు చూసుకుని చేద్దామనుకుంటున్నారని నేననుకున్నాను.

ప్రసంగం అయింది. పుట్టినరోజున్నవాళ్ళు రండని డాక్టరంకుల్ పిలిస్తే ఆ వారం ఎవరూ లేవలేదు. తాతయ్య అప్పటికే ముందుకెళ్ళి నిలబడి ఉన్నారు. ఎదురుగా ఖాళీ జాగా చూశారు. తర్వాత నన్ను చూసి నవ్వారు. అది మా ఇద్దరి పొద్దుటి నవ్వు, హాల్లో ఎప్పుడూ నవ్వనిది.

"మనోళ్ళెవురూ లేకపోతే ఏంది, మా ఎడమచేతి అబ్బాయిది ఇయ్యాలే. లే తల్లీ, అతని తరఫున నువ్వొచ్చి నిలబడు," అన్నారు.

హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆ రోజు నా పక్క కుర్చీలోనే ఉన్న డాక్టరంకుల్ వాళ్ళమ్మాయి నా మోచేతిని పొడిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను లేవలేదు. ఆ క్షణంలో నాకు తాతయ్య చెవి మీద తెల్ల వెంట్రుకలు కనిపించాయి, పొట్టిగా ఉన్న ప్యాంటు కనిపించింది, ఆయన నవ్వులో లేని పన్ను కనిపించింది. అవన్నీ రోజూ చూసేవే. ఆ పిల్ల చూస్తోందనే సరికి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

డాక్టరంకుల్ మర్యాదగానే అడిగాడు. "ఎవరి గురించి మాస్టారూ? మన ఫెలోషిప్‌లో లెఫ్ట్ హ్యాండ్ అబ్బాయెవరు?" తాతయ్య జవాబు కోసం నా వైపే చూస్తున్నారు. అంకుల్ కూడా నా వైపు తిరిగాడు. "హూ ఈజ్ హి టాకింగ్ అబౌట్, అమ్మా?"

"ఐ డోంట్ నో," అన్నాను.

అక్కడితో ఆపి ఉంటే పిల్లతనం అనుకునేవారు. ఇంకా కొందరు నవ్వారు. ఆ నవ్వు నా మీద నుంచి పక్కకి పోవాలంటే ఏదో ఒకటి అనాలి. వార్డులో ముసలివాళ్ళ గురించి అమ్మ రోజూ భోజనాల దగ్గర చెప్పే మాటలు నా నోటి చివరే ఉన్నాయి. "హి డజ్ దట్. హి టాక్స్ టు పీపుల్ హూ ఆరెంట్ దేర్," అన్నాను, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతుంటారని.

నవ్వులు ఆగిపోయాయి. అలా ఆగిపోతాయని నేననుకోలేదు. పెద్దవాళ్ళ మొహాల్లోకి ఒక్కసారిగా జాలి వచ్చేసింది. మా పక్క వరసలో అమ్మ ఒళ్ళో బైబిలు మూసేసి, చూపు తాతయ్య మీద పెట్టింది. ఆ చూపు కూతురిది కాదు, నర్సుది.

తాతయ్య తెల్లచొక్కా పల్చటిది. జేబులోంచి కార్డు పై అంచు కనిపిస్తోంది. బట్ట వెనకాల ఎడమచేతి అబ్బాయి ఎర్రటోపీ కూడా నాకు తెలుస్తోంది. అది తీసి చూపిస్తే చాలు, సంగతంతా తేలిపోతుంది. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. నా మొహం చూశారు. అప్పుడు అరచేత్తో కార్డుని లోపలికి అదిమేసి, ఆ చెయ్యి అక్కడే గుండె మీద ఉంచుకుని, "పొరపాటు పడ్డానయ్యా. పెద్దతనం గదా," అన్నారు. నెమ్మదిగా వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఆశీర్వాదం డాక్టరంకులే త్వరత్వరగా ముగించేశాడు.

ఇంటికొచ్చాక అమ్మ తాతయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, వార్డులో అడిగే ప్రశ్నలే అడిగింది. ఈ రోజేం వారం నాన్నా, ఇది ఏ ఊరు నాన్నా అని. డబ్బాలో ఉన్న ప్రతి మనిషి తేదీ నోటికొచ్చిన ఆయన, అలిసిపోయాను తల్లీ రేపడుగు, అని గదిలోకి వెళ్ళిపోయారు. సరిగ్గా చెబితే నా అబద్ధం బయటపడుతుందని ఆయన భయం. తప్పు చెప్పడానికి ఆయన నోరు రాదు. నాకది అప్పుడే కొంత అర్థమైంది. అయినా నేను నోరు విప్పలేదు. తలుపు చాటున గోడకి అంటుకుని నిలబడ్డాను. సాయంత్రం డాక్టరంకుల్ ఫోను చేశాడు. ఇక మీద బర్త్‌డే ప్రేయర్ తను చూసుకుంటాననీ, పెద్దాయన్ని రెస్టు తీసుకోనివ్వమనీ, ఎవరికైనా ఒకసారి చూపించడం మంచిదనీ చెప్పాడు. అమ్మ ఫోను పట్టుకుని ఏడ్చింది. తాతయ్య అంతా విని మంచిదన్నారు. విప్పిన తెల్లచొక్కాని ఎప్పటిలా తలుపుకి తగిలించలేదు. మడతపెట్టి పెట్టెలో అడుగున పెట్టేశారు.

తెల్లారి వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. తిడతారని భయం కాదు, తిట్టరేమోనని భయం. ఆయన టీ కాచుకుంటున్నారు. బల్ల మీద ఎడమచేతి అబ్బాయి కార్డు పడుకోబెట్టి ఉంది. గట్టిగా అదమడం వల్ల మధ్యలో అడ్డంగా గీత పడింది, చెమటకి ఒక మూల వంగిపోయింది. పక్కన ఒక బిస్కెట్టు.

"నిన్న మిగిలిపోయింది గదా," అన్నారు. బిస్కెట్టు విరిచి, నా ముక్కనీ, కొంచెం టీనీ నా ముందుకి జరిపారు.

ఆ ముక్క టీలో వేసి వదిలేశాను. కార్డు ఎందుకు చూపించలేదని అడిగాను. ఇంగ్లీషులోనే అడిగాను, తలెత్తకుండా. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, నా పక్కన కూర్చున్నారు.

"చూపిస్తే అందరి ముందర నువ్వు అబద్ధమాడావని తేలేది. పదేళ్ళదానివి, ఇంకా ఎంతకాలం మొయ్యాలి దాన్ని? నాదేముంది, మతి తప్పిందనుకుంటారు. ఈ వయసులో అదేం వింత కాదు గదా."

ఆయన నన్ను ఊరడించలేదు. ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చారు. తర్వాత ఎడమచేతి అబ్బాయి మోకాళ్ళ కోసం ఎప్పటిలాగే ప్రార్థన చేసి, తన ముక్క తాను తినేశారు. నా ముక్క టీలో నాని విరిగిపోయింది.

ఆ వారంలోనే మీసాలాయన పుట్టినరోజు వచ్చింది. ఆయన పాత తరం వాడు, పోయి చాలాకాలమైంది. ఆదివారం ఆ కార్డు నా గౌను జేబులో పెట్టుకున్నాను. తాతయ్యకి చెప్పలేదు. డాక్టరంకుల్ పిలవగానే ఒక పసిపిల్లని ఎత్తుకుని వాళ్ళమ్మ వెళ్ళింది, ఒక ఆంటీ వెళ్ళింది. నేను లేచాను. ముందుకెళ్ళి ఆంటీ పక్కన నిలబడ్డాను. అంతమందిలో నేనెప్పుడూ తెలుగు మాట్లాడలేదు. నా తెలుగు వింటే పిల్లలు వెక్కిరిస్తారు. అయినా ఇంగ్లీషులో చెప్పకూడదని ముందే నిశ్చయించుకున్నాను, ఎందుకంటే అబద్ధం ఇంగ్లీషులో ఆడాను.

కార్డు పైకెత్తి చూపించాను. "ఇది మీసాలాయన బర్త్‌డే. ఈ కార్డ్స్ నావి. పోయిన సండే తాతయ్య కరెక్ట్ చెప్పారు. తాతయ్యకి అన్నీ గుర్తే. నేను లై చెప్పాను," అన్నాను.

డాక్టరంకుల్ కార్డు చూశాడు, నన్ను చూశాడు. ఆయన మొహం మెత్తబడింది. నేను కోరుకున్నట్టు కాదు. "సో స్వీట్! చూశారా, తాతయ్యంటే ఎంత ప్రేమో ఈ పిల్లకి!" అన్నాడు. ఆంటీలు కళ్ళు తుడుచుకున్నారు. నిజమే చెబుతున్నాను, నిజంగా నిజం అని మళ్ళీ మళ్ళీ అన్నాను. ఎంత గట్టిగా అంటే అంత ముద్దుగా చూశారు. ముసలాయన పరువు నిలబెట్టడానికి పాపం చిన్నపిల్ల తప్పు తన మీద వేసుకుంటోందని వాళ్ళకి అర్థమైంది. పోయినవారం నా అబద్ధాన్ని ఒక్కరూ ఇంకోసారి అడక్కుండా నమ్మారు. ఈ వారం నా నిజాన్ని నమ్మించడం నా వల్ల కాలేదు. అంకుల్ నా తల మీద చెయ్యి పెట్టి దీవించి, అందరికీ ఒకటిచ్చే చాక్లెట్లు నాకు రెండిచ్చి, వెళ్ళి కూర్చోమన్నాడు. ఆ చాక్లెట్లు పట్టుకుని వెనక్కి నడుస్తున్నప్పుడు కలిగినంత సిగ్గు నాకు మళ్ళీ జన్మలో కలగలేదు. అబద్ధం ఆడినప్పుడు కూడా అంత కలగలేదు.

ఒక్క మనిషి నమ్మింది. నేను కూర్చోగానే డాక్టరంకుల్ వాళ్ళమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "యూ లైడ్ అబౌట్ యువర్ ఓన్ గ్రాండ్‌పా?" అని మెల్లగా అడిగింది. అవునని తలూపాను. తన కుర్చీని కొంచెం అవతలికి జరుపుకుంది. ఆ వేసవిలో వాళ్ళింటికి ఈతకి రమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు. అందులో దాని తప్పేమీ లేదు.

ఇంటికొచ్చాక డబ్బా తెచ్చి అమ్మ ముందు బోర్లించి, అంతా చెప్పేశాను. అమ్మ ఒక్కో కార్డు తీసి వెనక వైపు తనకే కనపడేలా పట్టుకుని తాతయ్యని ఆ తేదీ అడిగింది. ఆయన తడుముకోకుండా ఒక్కొక్కటే చెబుతూ పోయారు. అమ్మ నవ్వింది, ఏడ్చింది, బొమ్మలకి ప్రార్థనలేంటని ఆయన్ని కేకలేసింది, నా వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత డాక్టరంకుల్‌కి ఫోను చేసింది. ఆయన మంచివాడే. చూద్దాం సిస్టర్ అన్నాడు. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆ పని తాతయ్య చేతికి మళ్ళీ రాలేదు. ఎవరికీ ఆయన మీద కోపం లేదు, అగౌరవమూ లేదు. పైగా చాలా ప్రేమగా ఉండేవారు. ఆయనతో కాస్త గట్టిగా, చిన్న చిన్న మాటలుగా విడగొట్టి మాట్లాడేవారు, అంతే. తిన్నారా మాస్టారూ. చలేస్తోందా మాస్టారూ. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబిచ్చేవారు.

మా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆయన హాల్లో నా పక్కనే కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద ఉండేవి. పుట్టినరోజు పాట మొదలవగానే ఆయన కుడి అరచెయ్యి తనంత తానే కొద్దిగా పైకి లేచేది, ఎవరి తల మీదో పెట్టబోతున్నట్టు. లేచి, మళ్ళీ మోకాలి మీదికి దిగిపోయేది. ఆ చేతిని చూడకుండా నేనెప్పుడూ ఆ పాట పాడలేదు. ఒక్కసారైనా నా మీద నిష్ఠూరంగా ఒక మాట అని ఉంటే నాకు తేలికయ్యేదేమో. ఆయన అనలేదు. పొద్దుటి బిస్కెట్టు మాత్రం మానలేదు.

ఇప్పుడు ఆ డబ్బా నా దగ్గరుంది. ఎడమచేతి అబ్బాయికి అరవై దాటి ఉంటాయి, ఆట మానేసి ఎన్నేళ్ళయిందో. కార్డు మీద గీత అలాగే ఉంది. మా అబ్బాయి ఫోనులో ఇప్పటి ఆటగాళ్ళని చూస్తుంటే, వీళ్ళ పుట్టినరోజులెప్పుడురా అని అడుగుతాను. వాడు వింతగా చూసి, వెతికి చెబుతాడు. ఆ రోజు గుర్తుంటే ఒక బిస్కెట్టు విరుస్తాను. ఎడమచేతి అబ్బాయి రోజు మాత్రం మర్చిపోను. తాతయ్యకి సొంతమైన తేదీ లేదు కదా. ఆయన ఊరి పిల్లలకి వేసినట్టే, నేనే ఆయనకి ఆ తేదీ వేశాను. సగం ముక్క ఆ అబ్బాయిది, సగం ఆయనది.

ఈ మధ్య మా కూడికలో, ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నట్టుండి లేచి, ఇవాళ మా గౌరిది, పాట పాడండి, అంది. గౌరి ఎవరో ఎవరికీ తెలియదు. వాళ్ళ మనవడు బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు, పెద్దవాళ్ళ మొహాల్లోకి ఆ జాలి రాబోతోంది. అది పూర్తిగా రాకముందే నేను లేచి ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. గౌరి ఎవరమ్మా అని అడిగి, ఆవిడ చెప్పేదాకా ఆగాను. ఎవరైనా పెద్దవాళ్ళు నాకు అర్థం కాని మాటంటే, ఈనాటికీ నా చూపు ముందు వాళ్ళ జేబు మీదికే పోతుంది.